బొగ్దానప్పడి ఏనుగు

మా రాష్ట్రంలో మనుషులకు పేర్లున్నాయని ప్రభుత్వానికి చాలా ఆలస్యంగా తెలిసింది. ఇంతమంది ఇన్ని పేర్లు ఎవరినీ అడక్కుండా ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారు, తెచ్చుకున్నవాటిని ఏం చేసుకుంటున్నారు అని శాసనసభలో ఎవరో సరదాకి అడిగారట. అసలు ప్రశ్నలకు జవాబు చెప్పడం మా ప్రభుత్వానికి అలవాటు లేదు గానీ, సరదా ప్రశ్నలకు మాత్రం వెంటనే ఒక శాఖను పెట్టేస్తుంది. అలా పుట్టింది వ్యక్తినామ మూల వినియోగ నిర్ధారణ సంస్థ. జనం పేర్లాఫీసు అంటారు. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ ఉండేవాణ్ణి. వ్యాకరణం తెలిసినవాడు ఒకడుండాలని డిప్యుటేషన్ మీద నన్ను అక్కడికి ఈడ్చుకెళ్లారు. ఫ్యాను కింద కుర్చీ ఇస్తామన్నారు కాబట్టి నేనూ పెద్దగా గింజుకోలేదు.

మా మొదటి ఉత్తర్వు గోడ మీద ఫ్రేము కట్టి ఉండేది. ‘పేరు ధరించు ప్రతి వ్యక్తియు సదరు పేరు యొక్క మూలమును, వినియోగమును నిరూపించుకొనవలెను. నిరూపించుకొనలేని యెడల సదరు వ్యక్తి పేరు లేనివానిగా పరిగణింపబడును.’ ఏ లైసెన్సు కావాలన్నా ముందు మా ధ్రువపత్రం ఉండాలి. మూలమంటే పేరు ఎక్కడ పుట్టిందో. వినియోగమంటే ఆ పేరుకు తగ్గట్టు మనిషి మసులుకుంటున్నాడా లేదా అని. భీమేశ్వరరావు అనే బక్కపలచని బడిపంతులుకు ఆరునెలల్లో ఒళ్లు చేయాలని తాఖీదు పంపాం. కుళాయి దగ్గర బిందెతో పక్కింటావిడ నెత్తి పగలగొట్టిన శాంతమ్మ పేరును పక్షం రోజుల పాటు రద్దు చేశాం. ఆవిడ ఆ పక్షం రోజులూ పేరు లేకుండానే పోట్లాడింది.

మా ప్రధాన సంచాలకులు పెదపాటి విశ్వంభరం గారు నిబంధన అంటే ప్రాణమిచ్చే మనిషి. ఇచ్చేది ఎప్పుడూ ఎదుటివాడి ప్రాణమే. వారి అమ్మాయికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే మనవడికి విశుద్ధాత్మ అని ఒక కళంకం లేని పేరు ఎంచి, ఆఫీసులో కనపడినవాళ్లందరికీ చెప్పేవారు. పిల్లవాడు ఆ పేరును ఎలా వినియోగిస్తాడని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సముద్రంలో వేట నిషేధం నడుస్తున్న రోజుల్లో, నీలాటిపేట నుంచి ఒక జాలరి తల్లిని వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. పేరు సూరాడ బొగ్దానప్పడు. మా ధ్రువపత్రం లేదని మత్స్యశాఖ వాళ్లు అతని బోటు లైసెన్సు ఆపేశారు.

“జూన్ మద్దిలో నిసేదం ఎత్తేత్తారు బాబూ,” అన్నాడు చేతులు కట్టుకుని. “ఎత్తేసిన కొత్తలో సముద్రం నిండా సేపే. అప్పుడు పట్టిందే మాకు ఏడాది తిండి. ఆ యేళకి కాయితం రాకపోతే కళాసీలు ఏరే బోటెక్కిపోతారు. నాను బోటమ్మేసుకోవాల.”

అప్పడు సరే, ఆ తీరంలో ఇంటికొక అప్పడుంటాడు. ఈ బొగ్దాన్ ఎక్కడిదని అడిగాను. అతని తల్లి గురమ్మ గుమ్మంలోనే కింద కూర్చుని చెప్పింది.

“ఈడు నా కడుపులో ఉండగా మా ఇంటాయన గంగయ్య గాలివాన్లో సిక్కుకున్నాడు బాబూ. తెప్ప ఇరిగిపోనాది. ఏదో దేశం కాని దేశం ఓడ అటేపెల్తా ఉంటే, అందులో వొంట సేసీవోడు సూసి తాడిసిరినాడట. పైకి లాగి, తన సొక్కా ఇప్పి తొడిగి, యేడి సారు తాగించినాడట. అంతా అయినాక అప్పుడు గుండి మీద సెయ్యేసుకుని బొగ్దాన్ అన్నాడట. ఈయన గంగయ్య అన్నాడట. అంతే, ఆల్లిద్దరూ ఆడుకున్న మాటలు. మా కాడ నీట్లోంచి తీసినోడి పేరు ఇంట్లో పెట్టుకోవాల. పెట్టకపోతే సముద్రం మల్లీ పిలుత్తాది. అందుకని ఈడికా పేరెట్టినాం.”

వినడానికి నాకు ముచ్చటేసింది. ముచ్చట వేయడం మా నిబంధనల్లో లేదు కనుక నిఘంటువు తీశాను. బొగ్దాన్ స్లావు భాషల్లో మగవాళ్లకు పెట్టే పేరు. సెర్బులు, పోలండు వాళ్లు, ఉక్రెయిన్ వాళ్లు, బల్గేరియా వాళ్లు అందరూ పెట్టుకుంటారు. బొగ్ అంటే దేవుడు, దాన్ అంటే ఇచ్చినది. దేవుడిచ్చిన బిడ్డ అని అర్థం. మన దేవదత్తుడికి వేలు విడిచిన మేనమామ అన్నమాట. మూలం తేలిపోయిందని సంతోషంగా ఫైలు పైకి పంపాను.

విశ్వంభరం గారు కళ్లజోడు పైకి తోసి చూశారు. “దేవుడు ఇచ్చినాడని తమరు వ్రాసినారు. ఇచ్చుట అనగా దానము. స్థిరమైననూ చరమైననూ దానము రిజిస్టరు కావలెను. దానపత్రమేది? దాతగారి సంతకమేది?”

“అది పేరుకు అర్థం మాత్రమేనండీ,” అన్నాను.

“అర్థము లేనిచో పేరెందుకు? అర్థమున్నచో ఆధారమెందుకు లేదు?”

దేవుడి తరఫున దేవాదాయ శాఖను అడిగాం. తమ ఆలయాల ఆస్తుల్లో బొగ్దాన్ అనే వస్తువు ఎన్నడూ లేదనీ, దేవుడు ఏ కాలంలోనూ ఎవరికీ ఏదీ ఇచ్చిన దాఖలా తమ దగ్గర లేదనీ వాళ్లు ఖచ్చితంగా జవాబిచ్చారు. గురమ్మను మళ్లీ పిలిపించి, ఈ పిల్లవాణ్ణి నిజంగా దేవుడే ఇచ్చాడా అని అడిగారు.

“దేవుడేటి బాబూ, నానే కన్నాను,” అందావిడ. “రెండు రోజులు నొప్పులడ్డాను. దేవుడు ఆ సాయలకే రాలేదు.”

దరఖాస్తుదారుడి తల్లి స్వయంగా పేరును ఖండించినట్టు నమోదయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ దేవుడికి ఆ పాటి మాట కూడా దక్కలేదు, ఇచ్చినట్టు రుజువేదని ఆయన్నే నిలదీశాం.

ఇంతలో ఆదుకున్నవాడు మా భాషా సలహాదారు, ఉపసంచాలకులు డాక్టర్ సోమయాజులు. ప్రపంచంలో ఏ మాట వినిపించినా అది మన దగ్గర తప్పిపోయిన పిల్లేనని చెప్పగల దిట్ట. బొగ్ అంటే మన భగ, దాన్ అంటే మన దానం, ఇవి అక్కాచెల్లెళ్ల లాంటి మాటలని ఆయన అన్నారు. అక్కడితో ఆగి ఉంటే పండితుల్లో చాలామంది తలూపేవారు. ఆయనకు ఆగడం రాదు.

“కావున పూర్వము ఇచ్చట భగదానుడను రాజుండెను,” అని ప్రకటించారు. “ఉండెననుటకు శాసనము లేదు. శాసనము లేకపోవుటయే ఆయన ప్రాచీనతకు నిదర్శనము. స్లావులు మన పేరును వాడుకొనుచున్నారు, అద్దెయైనను చెల్లించుట లేదు.”

ఆఫీసు పులకించిపోయింది. బొగ్దానప్పణ్ణి పిలిచి శాలువా కప్పారు. అప్పటిదాకా అతన్ని పరాయి దేశపు పేరు పెట్టుకున్న అనుమానాస్పదుడిగా గుమ్మం బయటే నిలబెట్టిన బంట్రోతు కుర్చీ తుడిచి వేశాడు. ఆయా దేశాల్లోని బొగ్దాన్లందరూ మా అనుమతి లేకుండా పేరు వాడుతున్నందుకు సంజాయిషీ ఇవ్వాలని రాయబార కార్యాలయాలకు లేఖలు వెళ్లాయి. బొగ్దానప్పడు శాలువా మడిచి చంకలో పెట్టుకుని, “మరి కాయితం బాబూ?” అన్నాడు.

“మూలము తేలినది. ఇక వినియోగము,” అన్నారు విశ్వంభరం గారు. “ఈ తీరమునేలిన వారెవరు?”

“గజపతులు!” అన్నారు సోమయాజులు.

“కావున భగదానుడును గజపతియే కావలెను. గజపతికి గజముండవలెను. ఇతని గజమేది?”

గదిలో అందరూ బొగ్దానప్పడి వెనక్కి చూశారు, ఏనుగు గుమ్మం బయట ఉందేమోనని.

“నా కాడ బోటే ఉంది బాబూ,” అన్నాడతను.

విశ్వంభరం గారు నిబంధనల పుస్తకం తెరిచారు. ఆయన దుర్మార్గుడు కాడు, దారి చూపాలనే ఉంటుంది. ఆ దారి ఎక్కడికి పోతుందో చూసే అలవాటు లేదంతే. “బోటు భారీగా ఉండునా? మనుషులను మోయునా? నల్లగా ఉండునా? అట్టిది ఏనుగు కాదని ఏ నిబంధనలోనైనా ఉన్నదా?” అని నన్నడిగారు. లేదన్నాను. నిజంగానే లేదు. “అయినచో సదరు బోటును ఏనుగుగా నమోదు చేయుడు.”

మర్నాడే మా మనుషులు నీలాటిపేట వెళ్లి బోటు ముక్కు మీద తెల్లరంగుతో గజం అని రాసి వచ్చారు. మత్స్యశాఖ దాన్ని చూసి, ఏనుగులు తమ పరిధిలోకి రావంటూ బోటు లైసెన్సు ఫైలు మూసేసింది. అటవీశాఖ తెరిచింది. పెంపుడు ఏనుగును అనుమతి లేకుండా కదిలించరాదని బోటుకు ఇనుప గొలుసు వేసి, తీరంలో పాతిన గుంజకు కట్టేశారు. రోజూ మేత వేయాలన్నారు. బొగ్దానప్పడు ఇసకలో గడ్డిమోపు పడేసేవాడు. పేటలో మేకలు తినేసి పోయేవి. అటవీశాఖ పశువైద్యుడు వచ్చి, ఏనుగుకు ఆకలి బాగుందని రాసుకునేవాడు.

నిషేధం ఎత్తేసిన రోజు నేను నీలాటిపేటలోనే ఉన్నాను. ఏనుగు ప్రవర్తన మీద నివేదిక రాయాల్సింది నేనే. పేట బోట్లన్నీ పసుపు కుంకుమలు పూసుకుని, కొబ్బరికాయలు కొట్టించుకుని ఒకదాని వెనక ఒకటి అలల మీదికి ఎక్కాయి. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తంటారు. ఇది మాత్రం ఇసకలో ఒరిగి, పేటలో అన్ని బోట్లకన్నా పొట్టిగా కనిపించింది. బొగ్దానప్పడు గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. అతని కళాసీలు తల వంచుకుని ఇంకో బోటు వైపు నడిచారు. వాళ్లను తప్పు పట్టలేం, వాళ్లకూ పిల్లలున్నారు.

సాయంత్రం బోట్లు కవళ్లు, కానాగంతల చేపలు దించుతుంటే, బొగ్దానప్పడి భార్య ఎర్నమ్మ ఖాళీ గంపతో ఒక పక్కన నిలబడింది. ఏటా ఆ రోజు అందరికంటే ముందు కేకేసి వేలంపాట పెట్టే మనిషట. నన్ను చూసింది.

“ఏటి బాబూ, అలా సూత్తారు? ఏనుగు బతికినా యెయ్యి వరాలే, సచ్చినా యెయ్యి వరాలే అంతారు. మాది బతికుండగానే మా గంపలో సిల్లి కాసు పడనేదు. ఇంకో పచ్చం పోతే బోటు కొనీవోడొత్తాడు. మా ఆయన ఆడి కాడే కళాసీగా సేరాల. తాడిసిరిన పుణ్యాత్ముడి పేరెట్టుకుంటే ఇంత పాపమేటి బాబూ?”

నాకు సిగ్గేసింది. తల దించుకుని ఆఫీసుకు వచ్చి, ఏనుగు ఇసకలో ఎండి పాడవుతోందని నివేదిక రాసి ఫైలు పైకి కదిపాను. అటవీశాఖ మా కంటే ఓ ఆకు ఎక్కువే చదివింది. పెంపుడు ఏనుగుకు నిత్యస్నానం తప్పనిసరి అనీ, ఇంతకాలం స్నానం లేనందువల్ల చర్మం పగుళ్లిచ్చిందనీ, ఇకపై ప్రతిరోజూ తెల్లవారుజామున జలాశయంలో స్నానం చేయించాలనీ పశువైద్యుడు ఉత్తర్వు రాశాడు. పగుళ్లిచ్చింది చెక్క. విశ్వంభరం గారు ఆ ఉత్తర్వు మీద సంతోషంగా సంతకం పెట్టి, మొదటి స్నానానికి తామే స్వయంగా హాజరవుతామన్నారు. ఫొటో పత్రికల్లో రావాలి కదా.

గొలుసు విప్పారు. విశ్వంభరం గారు, సోమయాజులు, పశువైద్యుడు, నేను బోటెక్కాం. కళాసీలు వేరే బోట్లో ఉన్నారు కాబట్టి బొగ్దానప్పడు ఒక్కడే నడిపాడు. ఒడ్డున ఎర్నమ్మ, గురమ్మ, పేటలో ఆడవాళ్లందరూ చేరారు. అలలు విరిగే చోటు దాటుతుండగా విశ్వంభరం గారు గజారోహణం ఫొటో కోసం ముక్కు మీదికెక్కి చెయ్యెత్తి నిలబడ్డారు.

“కూకోండి బాబూ, కూకోండి!” అని బొగ్దానప్పడు అరిచాడు.

“గజముపై నిలబడుటకు అభ్యంతరము…” అన్నంతవరకే మాకు వినిపించింది. అల వచ్చింది. బోటు ఎగిరింది. విశ్వంభరం గారు కనిపించలేదు.

నీళ్లలో ఆయన తల ఒకసారి తేలింది. ఒడ్డునుంచి ఎర్నమ్మ గొంతు గాలిలో ఖంగుమని వినిపించింది. “ఓయ్, ఆగు! ఆ బాబు పేరుకి మూలమేటో కనుక్కో ముందు! ఇనియోగం కూడా అడుగు!”

సోమయాజులు నిజంగానే “విశ్వమును భరించువాడు…” అని మొదలెట్టారు. అప్పటికే బొగ్దానప్పడు తాడు విసిరేశాడు. విశ్వాన్ని భరించే ఆయన ఆ తాడు పట్టుకుని, నోట్లోంచి నీళ్లు కక్కుకుంటూ, బొగ్దానప్పడి చేతుల మీదుగా బోట్లోకి వచ్చిపడ్డారు. బొగ్దానప్పడు తన చొక్కా విప్పి ఆయనకు తొడిగాడు.

ఒడ్డున గురమ్మ కుండలో వేడిచారు పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఆయన వణుకుతూ తాగారు. చొక్కా, చారు చూస్తే నాకు ఎక్కడో ఏదో దేశంలో ఇప్పుడు ముసలివాడై కూర్చున్న వంటవాడు ఒకడు గుర్తొచ్చాడు.

“బాబూ,” అంది గురమ్మ, ఆయన గ్లాసు దించాక, “నీట్లోంచి తీసినోడి పేరు ఇంట్లో పెట్టాల. మరవకండి.”

అంతలో ఎర్నమ్మ అటవీశాఖ ఉత్తర్వు ఉన్న వైద్యుడి సంచీ వైపు వేలు చూపించింది. “దినామూ తెల్లారకట్ట తానం సేయించాలని రాసినారు కదా?”

“అవును, తప్పనిసరి,” అన్నాడు వైద్యుడు.

“ఏనుగు సముద్రంలో తానమాడ్డానికి లైసెన్సు కావాలా బాబూ?”

వైద్యుడు నా వైపు చూశాడు. నేను విశ్వంభరం గారి వైపు చూశాను. అటువంటి నిబంధన ఏ శాఖలోనూ లేదు. ఉన్నట్టు ఎవరైనా అనేలోపే, ఆ రోజు నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి ధైర్యం చేసుకుని, “అక్కర్లేదు” అన్నాను.

మర్నాటి నుంచి ఏనుగు రోజూ స్నానానికి వెళ్తోంది. కళాసీలు తిరిగొచ్చారు. మావటీలుగా నమోదయ్యారు. స్నానం కొంచెం ఎక్కువసేపు పడుతుంది, మధ్యాహ్నం దాకా. వచ్చేటప్పుడు ఒంటికి వంజరాలు, కానాగంతలు అంటుకుని వస్తాయి. వాటిని దులపడం పశు సంరక్షణ కిందికే వస్తుందని వైద్యుడు రాశాడు. ఆయన ఇంటికి కూడా ఏనుగు ఒంటి దుమ్ము వారానికోసారి అందుతుందని విన్నాను. ఎర్నమ్మ గొంతు మళ్లీ పాటలో అందరికంటే ముందు వినిపిస్తోంది. మత్స్యశాఖ వాళ్లు అడగరు, ఏనుగులు వాళ్ల పరిధి కాదు.

విశ్వంభరం గారికి మనవడు పుట్టాడు. విశుద్ధాత్మ అని ఊయల మీద పేరు రాయించబోతుంటే వారి భార్య అడ్డుపడింది. ఆవిడ నిబంధనలకు అతీతురాలు. “మునిగిపోతున్నప్పుడు మిమ్మల్ని లాగింది విశుద్ధాత్మా? ఆ ముసలావిడ చెప్పిన మాట తప్పితే మళ్లీ సముద్రం పిలుస్తుందట. మీ ప్రాణం కన్నా మీ పేర్లాఫీసు ఎక్కువా?” అంది. ఆయనకు అప్పటికే గ్లాసుడు నీళ్లు తాగినా దగ్గు వస్తోంది. పిల్లవాడికి బొగ్దాన్ అని పేరు పెట్టారు.

బంధువుల ఫైలు తాను చూడకూడదనే నిబంధన విశ్వంభరం గారే పెట్టారు. అందువల్ల జనన ధ్రువపత్రం కోసం వచ్చిన దరఖాస్తు సోమయాజులు బల్ల మీదికి వెళ్లింది. ఆయన దాన్ని ఎంతో గౌరవంగా చదివారు. “మూలము నిర్వివాదము. తమరు స్థిరపరచినదే. వినియోగమునకు గజమేది?” అన్నారు.

“పసిగుడ్డయ్యా సోమయాజులూ! వాడికి ఏనుగేమిటి?” అన్నారు విశ్వంభరం గారు. ఆ ఆఫీసులో ఆయన నోటి వెంట మామూలు తెలుగు రావడం అదే మొదలు.

“తమ సంతకముతో వెలువడిన పూర్వ నిర్ణయమున్నది కదా. అందు వయోపరిమితి లేదు.”

ధ్రువపత్రం లేక, పేరు లేనివానిగా పరిగణింపబడిన ఆ పిల్లవాడికి ఆసుపత్రిలో టీకా కూడా వేయలేదు. పేరు కాలమ్ ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకు పోదట. విశ్వంభరం గారు జూ పార్కులో అడిగారు, సర్కసు వాళ్లనడిగారు, చివరికి ఒక బొమ్మ ఏనుగు కొన్నారు. అది మనుషుల్ని మోయదని సోమయాజులు తిప్పికొట్టారు.

ఒకరోజు పొద్దున్నే ఆయన నన్ను తోడు రమ్మని నీలాటిపేటకు బయలుదేరారు. వెనక ఆయన భార్య, ఆవిడ ఒడిలో చీర చెంగు కప్పుకుని బొగ్దాన్. మేం వెళ్లేసరికి ఏనుగు ఇంకా స్నానానికి బయలుదేరలేదు. బొగ్దానప్పడు మోకాలిలోతు నీళ్లలో నిలబడి తాడు సర్దుకుంటున్నాడు.

విశ్వంభరం గారు ఇసకలో ఆగిపోయారు. అలలకు దూరంగానే నిలబడి చేతిలోని దరఖాస్తు ముందుకు చాపారు. “నీ ఏనుగును ఒక్క పూట… మా వాడి పేరు మీద…” అని ఏదో అన్నారు గానీ, సముద్రం హోరులో సగం కూడా వినిపించలేదు.

బొగ్దానప్పడు ఆయన్ని చూశాడు, చీర చెంగులోంచి కనిపిస్తున్న చిన్న పిడికిలిని చూశాడు. తాడు భుజాన వేసుకుని ఒడ్డుకు వచ్చాడు.

“గుంటణ్ణిలా తెండమ్మా, ఎక్కిత్తాను,” అని చేతులు చాపాడు. ఎందుకని గానీ, కాగితమేదని గానీ ఒక్క మాట అడగలేదు.